కడుపులో బిడ్డ కిడ్నీలు: స్కాన్‌కి ముందు ఏం కనుక్కోవాలి, రిపోర్టు ఎలా చదవాలి

గర్భిణులకు స్కానింగ్ చేయడం నా వృత్తి. ఇరవై ఏళ్లకు పైగా పగలంతా లైట్లార్పిన గదిలోనే గడిచిపోయింది. మొదట్లో ప్రతి జంటనీ ఒక ప్రశ్న అడిగి ఫారంలో టిక్కు పెట్టేదాన్ని: "మీ ఇళ్లల్లో వంశపారంపర్య కిడ్నీ జబ్బులేమైనా ఉన్నాయా?" దాదాపు అందరూ "లేవండీ" అనేవాళ్లు. నేనూ ప్రోబ్ అందుకునేదాన్ని.

ఒకరోజు ఇరవయ్యో వారం స్కాన్ ముగించాను. ఆవిడ పొట్ట మీద జెల్ తుడుచుకుంటోంది. భర్త గడియారం చూసుకుని, "రిపోర్టు కాస్త తొందరగా ఇస్తారా మేడమ్? డయాలసిస్ అయిపోయి ఉంటుంది, మా నాన్నని ఇంటికి తీసుకెళ్లాలి" అన్నాడు.

"నాన్నగారికి డయాలసిస్ ఎందుకు?"

"బీపీ వల్ల కిడ్నీలు పోయాయండీ. మా బాబాయికీ అంతే."

"మరి ఇందాక కిడ్నీ జబ్బులు లేవన్నారే?"

"వంశపారంపర్యం అయితే లేదండీ. ఇది బీపీ కదా."

ఆయన అబద్ధమాడలేదు. నేనే అడగడం చేతకాక అడిగాను. ఆవిడని మళ్లీ పడుకోమని, మళ్లీ జెల్ రాసి, అంతకుముందు "రెండూ ఉన్నాయి, బాగున్నాయి" అని దాటేసిన బిడ్డ కిడ్నీల దగ్గర ఈసారి పావుగంట ఆగాను. ఆ రోజు నుంచి నా ప్రశ్న మారింది. నా గదికి వచ్చేవాళ్లకి విడివిడిగా చెప్పే మాటల్నే ఇక్కడ ఒకచోట పెడుతున్నాను.

ముందు ఇంట్లో అడగండి

స్కాన్ అపాయింట్‌మెంట్‌కి వారం ముందు ఇద్దరూ కూర్చుని ఒక కాగితం తీయండి. మధ్యలో మీ ఇద్దరి పేర్లు, పైన రెండు వైపులా అమ్మానాన్నలు, వాళ్ల అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు, ఆ పైన తాతలు, అమ్మమ్మ, నానమ్మ. భార్య వైపు ఒక్కటే రాసుకొచ్చేవాళ్లు చాలామంది. బిడ్డని మోస్తున్నది ఆవిడే అయినా జన్యువుల్లో సగం నాన్నవి. రెండు వైపులా కావాలి.

ఫోన్ చేసి "కిడ్నీ జబ్బుందా?" అని అడగకండి. ఎవరికైనా డయాలసిస్ జరిగిందా, కిడ్నీ మార్పిడి జరిగిందా అని అడగండి. ఏ వయసులో అని కూడా. ముప్పై, ముప్పై అయిదేళ్లకే బీపీ మాత్రలు మొదలుపెట్టినవాళ్లున్నారా? ఉన్నట్టుండి తలలో నరం చిట్లి పోయినవాళ్లున్నారా? ఇది విచిత్రమైన ప్రశ్నలా అనిపిస్తుంది గానీ, పెద్దవాళ్లలో వచ్చే పాలిసిస్టిక్ కిడ్నీ జబ్బు (కిడ్నీల నిండా నీటి తిత్తులు పెరిగే జబ్బు) ఉన్నవాళ్లలో కొందరికి మెదడు రక్తనాళాల్లో బుడగలాంటి ఉబ్బు ఉంటుంది. "లివర్లో నీటి గడ్డలున్నాయన్నారు" అనే పెద్దమ్మ మాట కూడా రాసుకోండి.

ఇంకో ప్రశ్న అడగడానికి నోరు రాదు, కానీ అడగాలి. ఇంట్లో ఎవరికైనా పుట్టిన కొన్ని గంటల్లోనే ఊపిరాడక పోయిన బిడ్డ ఉందా? అప్పుడు "ఉమ్మనీరు తక్కువైంది" అని ఎవరైనా అన్నారా? ఆ బిడ్డకి ఆరో వేలు ఉందా? ఇలాంటి బిడ్డ గురించి చాలా ఇళ్లల్లో ఎవరూ మాట్లాడరు. ఒక్కోసారి కాన్పు అయిన తల్లికి కూడా ఏం జరిగిందో సరిగ్గా చెప్పి ఉండరు. మీ ఇద్దరూ పెళ్లికి ముందే రక్తసంబంధీకులైతే అది కూడా కాగితం మీద ఉండాలి. దాచాల్సినదేమీ కాదు, లెక్కకి అవసరం.

మందుల సంగతి ఇక్కడే చెప్పేస్తాను. మీకే కిడ్నీ జబ్బు ఉండి బీపీకి ఎనలాప్రిల్, రామిప్రిల్, టెల్మిసార్టాన్, లోసార్టాన్ లాంటివి వాడుతుంటే, గర్భం కోసం అనుకున్నప్పుడే డాక్టర్‌తో మాట్లాడి మార్పించుకోవాలి. ఇవి నాలుగో నెల దాటాక కూడా కొనసాగితే బిడ్డ కిడ్నీలనే దెబ్బతీస్తాయి, ఉమ్మనీరు తగ్గిపోతుంది. ఇది చదివి మీ అంతట మీరు ఆపేయొద్దు. ఈ రోజే ఫోన్ చేయండి, వేరే మాత్ర ఇస్తారు. ఇబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ లాంటి నొప్పి మాత్రలు కూడా అడక్కుండా మింగొద్దు, ముఖ్యంగా ఇరవయ్యో వారం దాటాక. బీపీ పెరగకుండా గర్భంలో డాక్టర్లు రాసే చిన్న డోసు ఆస్పిరిన్ వేరు, దాన్ని వీటితో కలిపి చూడకండి.

అసలు కిడ్నీ ఏం చేస్తుంది

"రక్తాన్ని వడకడుతుంది" అని అందరికీ తెలుసు. అది సగం మాటే. వడకట్టడం తేలిక, తిరిగి తీసుకోవడమే కష్టం.

అల్మరా సర్దేటప్పుడు ఏం చేస్తాం? ఉన్నదంతా బయటికి లాగి నేల మీద కుప్ప పోస్తాం. కావలసినవి ఒక్కొక్కటీ ఏరి లోపల పెడతాం. మిగిలింది పారేస్తాం. కిడ్నీ పద్ధతి అచ్చం ఇదే. పిడికిలికంటే కాస్త పెద్దదైన ఒక్కో కిడ్నీలో సుమారు 10 లక్షల నెఫ్రాన్లు ఉంటాయి. ప్రతి నెఫ్రాన్ మొదట్లో సన్నటి రక్తనాళాల చిన్న ఉండ, దాని పేరు గ్లోమెరులస్. గుండె పంపే రక్తంలో అయిదో వంతు దాకా కిడ్నీలకే వస్తుంది, నిమిషానికి లీటరు పైనే. ఆ ఉండల్లోంచి రోజుకి దాదాపు 180 లీటర్ల నీరు బయటికి కారుతుంది. రక్తకణాలూ ప్రోటీన్లూ లోపలే ఉండిపోతాయి. కారిన నీళ్లలో చక్కెర ఉంది, ఉప్పు ఉంది, చెత్తా ఉంది. ఆ తర్వాత వచ్చే పొడవాటి వంకర గొట్టం దారి పొడుగునా కావలసినదంతా వెనక్కి లాక్కుంటుంది. 180 లీటర్లలో మూత్రంగా వెళ్లేది లీటరున్నరా, రెండు లీటర్లే. ఇవి కాక బీపీని అదుపు చేయడం, ఎర్ర రక్తకణాలు తయారుచేయమని ఎముక మూలుగకి కబురు పెట్టడం, విటమిన్ డీని పనికొచ్చే రూపంలోకి మార్చడం కూడా దాని పనులే.

వంశపారంపర్య కిడ్నీ జబ్బుల్లో చాలావాటికి మూలం ఆ గొట్టంలోనే ఉంది. గొట్టం లోపలి గోడ మీద ఒక్కో కణానికి సన్నటి వెంట్రుకలాంటిది ఒకటి ఉంటుంది, సీలియం అంటారు. లోపలి నీటి కదలికనీ చుట్టుపక్కల సంకేతాలనీ పసిగట్టి కణానికి చెప్పే యాంటెన్నా అనుకోండి. దాన్ని తయారుచేసే జన్యువులో తప్పు ఉంటే కణాలు ఎక్కడ ఆగాలో తెలియకుండా పెరుగుతాయి. గొట్టం వెడల్పయి, ఉబ్బి, తిత్తిగా మారుతుంది. అదే సిస్టు.

కడుపులో ఉన్న బిడ్డ సంగతి వేరు. రక్తం శుభ్రం చేసే పని మాయది. బిడ్డలోని చెత్త మాయ ద్వారా అమ్మ రక్తంలోకి వెళ్లి, అమ్మ కిడ్నీల ద్వారా బయటికి పోతుంది. అందుకే రెండు కిడ్నీలూ లేకుండా పుట్టిన బిడ్డ రక్తంలో కూడా పుట్టిన క్షణాన క్రియాటినిన్ (కిడ్నీలు బయటికి పంపాల్సిన ఒక చెత్త పదార్థం) మామూలుగానే ఉంటుంది.

మరి పుట్టకముందు కిడ్నీలతో పనేమిటి? ఉమ్మనీరు. సుమారు పదో వారానికే బిడ్డ మూత్రం తయారుచేయడం మొదలుపెడుతుంది. పదహారో వారం దాటాక ఉమ్మనీటిలో ఎక్కువ భాగం బిడ్డ మూత్రమే. "ఛీ, అదే మళ్లీ మింగుతుందా?" అని ముఖం చిట్లించే తండ్రులున్నారు. మింగుతుంది, మళ్లీ పోస్తుంది. నెలలు నిండేసరికి రోజుకి అర లీటరు పైనే పోస్తుంది. మాయ శుభ్రం చేసి పంపిన రక్తంలోంచి తయారైన నీళ్లవి, మన మూత్రంలా చెత్త మోసుకొచ్చేవి కావు. ఆ నీటి మధ్యే బిడ్డ చేతులూ కాళ్లూ ఆడిస్తుంది, ఆ నీరు ఉంటేనే ఊపిరితిత్తులు విచ్చుకుని పెరుగుతాయి. నీరు లేకపోతే ఊపిరితిత్తులు చిన్నగానే ఆగిపోతాయి. ఎడిత్ పాటర్ అనే అమెరికన్ పాథాలజిస్టు 1946లో, రెండు కిడ్నీలూ లేకుండా పుట్టిన శిశువుల ముఖాలన్నీ ఒకేలా నొక్కుకుపోయి ఉండటం గమనించి రాశారు. ఆ ముఖాల్ని అలా చేసింది చుట్టూ నీరు లేక గర్భాశయం గోడ చేసిన ఒత్తిడి. ఆ పిల్లల ప్రాణం తీసేది కూడా కిడ్నీ కాదు, ఎదగని ఊపిరితిత్తులు.

కిడ్నీ గురించి భయంగా వచ్చిన ఎవరికైనా నేను మొదట నీళ్లే చూపిస్తాను. అవి సరిపడా ఉంటే, ఆ రోజుకి బిడ్డ కిడ్నీలు పనిచేస్తున్నట్టే.

తెర మీద ఏం చూస్తున్నాం

అల్ట్రాసౌండ్‌తో కడుపులోని బిడ్డ పాలిసిస్టిక్ కిడ్నీని కనిపెట్టినట్టు మొదట రాసింది ఆస్ట్రేలియాలో గారెట్ బృందం, 1970లో. అప్పటి చిత్రాలతో పోలిస్తే ఈ రోజు మీ ముందున్న తెర అద్దంలాంటిది. అయినా దాన్ని చదవడానికి ఒక వరస కావాలి. నా వరస చెప్తాను. మీరూ పడుకుని తెర వంక చూస్తూ వెంట రావచ్చు.

మొదట నీరు. నల్లగా కనిపించేదంతా ద్రవం. బొడ్డుతాడు గానీ చెయ్యి గానీ అడ్డం లేని అతి లోతైన నల్లటి జేబు వెతికి నిలువుగా కొలుస్తాం. 2 నుంచి 8 సెంటీమీటర్ల మధ్య ఉంటే సరే. 2 కంటే తక్కువైతే ఉమ్మనీరు తక్కువైనట్టు. తక్కువైనంత మాత్రాన కిడ్నీ మీద నేరం మోపకూడదు. ఉమ్మనీటి సంచి చిట్లి కారిపోతుండొచ్చు, మాయ సరిగా పనిచేయక బిడ్డకి రక్తం తక్కువ అందుతుండొచ్చు. అందుకే "కింద తడిగా ఏమైనా అనిపిస్తోందా?" అని అడుగుతాం. సిగ్గుపడకుండా చెప్పండి.

తర్వాత మూత్రాశయం. బిడ్డ పొత్తికడుపులో చిన్న నల్లటి చుక్క. రక్తం కదలికని రంగుల్లో చూపే డాప్లర్ వేస్తే దానికి అటూ ఇటూ రెండు బొడ్డుతాడు ధమనులు ఎర్రగానో నీలంగానో చేతులు చాచినట్టు కనిపిస్తాయి. ఖాళీగా ఉంటే కంగారు పడొద్దు, బిడ్డ అప్పుడే పోసి ఉండొచ్చు. సుమారు అరగంటకోసారి నిండి ఖాళీ అవుతుంది. అందుకే "బయట కాసేపు నడిచి రండి" అంటాం. ఆ అరగంటలో బయట కూర్చున్నవాళ్లు పడే టెన్షన్ నాకు తెలుసు. తిరిగొచ్చేసరికి ఆ నల్ల చుక్క మళ్లీ కనిపిస్తే నేను పైకే "ఇదిగో, నిండింది" అనేస్తాను.

ఇక కిడ్నీలు. బిడ్డ వెన్నెముకని అడ్డంగా చూస్తే దానికి రెండు పక్కలా రెండు గుండ్రాలు, నిలువుగా చూస్తే రెండు చిక్కుడు గింజలు. పొడవు మిల్లీమీటర్లలో దాదాపు వారాల సంఖ్యంత ఉంటుందని ఒక మోటు లెక్క: ఇరవయ్యో వారంలో 20 మి.మీ., ముప్పయ్యో వారంలో 30 మి.మీ. చుట్టుపక్కల. ఒకటి కనబడకపోతే వెంటనే "లేదు" అని రాయకూడదు. ఒక్కోసారి అది కిందికి జారి కటిభాగంలో ఉండిపోతుంది, ఒక్కోసారి రెండూ కింద అతుక్కుని గుర్రపు నాడాలా ఉంటాయి. మహాధమని నుంచి రెండు పక్కలా కిడ్నీ ధమనులు బయల్దేరుతున్నాయా అని రంగు వేసి చూస్తే చాలా అనుమానాలు తీరిపోతాయి.

చివరికి రంగు. ఇక్కడే కొత్త డాక్టర్లు కూడా తికమక పడతారు. ద్రవం నల్లగా కనిపించాలి కదా, మరి నీటి తిత్తులతో నిండిన కిడ్నీ తెల్లగా ఎందుకు మెరుస్తుంది? శబ్ద తరంగం ఒక పదార్థం నుంచి ఇంకో పదార్థంలోకి దాటే ప్రతి హద్దు దగ్గరా కొంత వెనక్కి వస్తుంది, ఆ వెనక్కి వచ్చిందే తెర మీద తెలుపు. పెద్ద తిత్తికి రెండు గోడలే, మధ్యంతా నలుపు. కానీ మిల్లీమీటరు, రెండు మిల్లీమీటర్ల తిత్తులు వేలకొద్దీ ఉంటే? ఎక్కడ చూసినా గోడలే. ఒక్కో తిత్తీ విడిగా కనబడేంత పెద్దది కాదు, గోడల మెరుపు మాత్రం కలిసిపోయి కిడ్నీ అంతా తెల్లటి ముద్దలా ఉంటుంది. ఇదే "హైపరెకోయిక్ కిడ్నీ". దేనితో పోల్చి తెలుపు అంటే, పక్కనే ఉన్న కాలేయంతో. సుమారు పదిహేడో వారం దాకా మామూలు కిడ్నీలు కూడా కాస్త తెల్లగానే ఉంటాయి. ఆ తర్వాత కాలేయం కంటే తెల్లగా ఉండకూడదు.

ఏ జబ్బు ఎలా కనిపిస్తుంది

రెండు పాలిసిస్టిక్ జబ్బులున్నాయి. పేర్లు దగ్గరదగ్గరగా ఉంటాయి గానీ స్వభావం పూర్తిగా వేరు, వీటిని కలిపేసుకుని ఏడ్చిన కుటుంబాల్ని చూశాను.

మొదటిది డామినెంట్ రకం. సుమారు వెయ్యిమందిలో ఒకరికి ఉంటుంది. తల్లిదండ్రుల్లో ఒకరికి ఉంటే చాలు, ప్రతి బిడ్డకీ సగానికి సగం అవకాశం. ఎక్కువమందిలో తప్పు పీకేడీ1 జన్యువులో, అది 16వ క్రోమోజోమ్ మీద ఉంది. కొందరిలో పీకేడీ2, అది 4వదాని మీద. తిత్తులు మెల్లగా, ఏళ్ల తరబడి పెరుగుతాయి. ముప్పై, నలభై ఏళ్లకి బీపీ, అరవై ఏళ్లు వచ్చేసరికి దాదాపు సగం మందికి కిడ్నీలు చేతులెత్తేస్తాయి. నా గదిలో డయాలసిస్ మాట ఎత్తిన భర్త వాళ్ల ఇంట్లో నడుస్తున్నది ఇదే. బీపీ వల్ల కిడ్నీ పోలేదు, కిడ్నీ జబ్బే బీపీ తెచ్చింది.

ఈ రకంలో గర్భంలో స్కాన్ చేస్తే సాధారణంగా ఏమీ కనబడదు. కొద్దిమందిలో కిడ్నీలు కాస్త పెద్దవిగా, అంచులు తెల్లగా, లోపలి భాగం నల్లగా తేడా కొట్టొచ్చినట్టు ఉంటాయి, నీరు మామూలుగానే ఉంటుంది. కాబట్టి "స్కాన్ నార్మల్, మా బిడ్డకి రాలేదు" అని మిఠాయిలు పంచొద్దు. స్కాన్ బాగుందంటే ఈ రోజు కిడ్నీ బాగా పనిచేస్తోందని అర్థం. జన్యువు వచ్చిందో లేదో ఆ బొమ్మ చెప్పదు.

రెండోది రిసెసివ్ రకం. సుమారు ఇరవై వేల కాన్పుల్లో ఒకటి. పీకేహెచ్‌డీ1 అనే జన్యువు, 6వ క్రోమోజోమ్ మీద. తల్లిదండ్రులిద్దరూ ఆరోగ్యంగానే ఉంటారు, ఇద్దరి దగ్గరా ఒక్కో తప్పు ప్రతి దాగి ఉంటుంది. రెండూ ఒకే బిడ్డకి చేరితేనే జబ్బు, అంటే నాలుగింట ఒక వంతు. ఒక బిడ్డకి వచ్చింది కాబట్టి తర్వాతి ముగ్గురికీ రాదని లెక్కేసుకునేవాళ్లున్నారు. అలా కుదరదు, ప్రతి గర్భానికీ లెక్క మళ్లీ మొదటినుంచే. ఇందులో రెండు కిడ్నీలూ బాగా పెద్దవై, తెల్లగా, కొన్నిసార్లు పొట్టంతా తామే అయిపోతాయి. నీరు తగ్గుతుంది. ఇక్కడ అసలు చిక్కు ఏమిటంటే, ఇరవయ్యో వారంలో అన్నీ బాగానే కనిపించి, ఇరవై నాలుగు, ఇరవై ఆరు వారాలకి మారిపోవచ్చు. ఇంట్లో ముందు ఇలాంటి బిడ్డ ఉంటే ఇరవయ్యో వారం రిపోర్టుతో నేను ఎవరినీ ఇంటికి పంపను. 24వ వారంలో ఒకసారి, 28లో ఒకసారి, 32లో ఒకసారి రమ్మంటాను. నీరు ఎంత ముందుగా తగ్గితే ఊపిరితిత్తులకి అంత ప్రమాదం. ఆలస్యంగా, కొద్దిగా తగ్గితే ఆశ ఎక్కువ. మొదటి నెల గట్టెక్కిన పిల్లల్లో ఎక్కువమంది బతుకుతారు. బీపీ మందులు, కాలేయం మీద నిఘా, కొందరికి డయాలసిస్, మార్పిడి తప్పవు.

కిడ్నీలు తెల్లగా ఉన్నాయి గానీ సైజూ నీరూ బాగున్నాయి, ఇంట్లో ఎవరికీ ఏమీ లేదు అంటే నాకు ముందు గుర్తొచ్చేది హెచ్ఎన్ఎఫ్1బీ అనే జన్యువు. అప్పుడు కిడ్నీల గురించి కాకుండా, "చిన్న వయసులో, సన్నగా ఉండి కూడా షుగర్ వచ్చినవాళ్లున్నారా?" అని అడుగుతాను. అదే జన్యువు రెండూ తెస్తుంది. ఆరో వేలు కనిపిస్తే, తల వెనక ఎముకలో ఖాళీ కనిపిస్తే దారి ఇంకోవైపు, మెకెల్ గ్రూబర్, బార్డెట్ బీడెల్ లాంటి అరుదైన సిండ్రోమ్‌ల వైపు వెళ్తుంది. అందుకే కిడ్నీలో తేడా కనిపిస్తే వేళ్లు లెక్కపెడతాం.

ఒకే కిడ్నీలో పెద్ద పెద్ద తిత్తులు ద్రాక్ష గుత్తిలా ఉంటే అది వేరే. మల్టీసిస్టిక్ అంటారు, పాలిసిస్టిక్ కాదు. ఆ కొద్ది అక్షరాల తేడా చదవడంలో జారిపోతే రాత్రంతా నిద్ర ఉండదు. ఇది చాలావరకు వంశపారంపర్యం కాదు. ఆ కిడ్నీ పనిచేయదు, క్రమంగా ముడుచుకుపోతుంది, రెండోది పెరిగి ఇద్దరి పనీ చేస్తుంది. రెండోది బాగుందా లేదా అన్నదే చూడాలి.

ఇంకొకటి, మీ రిపోర్టులో అన్నిటికంటే ఎక్కువగా కనిపించే అవకాశం ఉన్నది "పెల్వియెక్టసిస్", అంటే కిడ్నీ నుంచి మూత్రం బయల్దేరే చోట కాస్త ఎక్కువ నీరు. 28 వారాల లోపు 4 మి.మీ. కంటే తక్కువ, ఆ తర్వాత 7 మి.మీ. కంటే తక్కువ ఉంటే మామూలే. కాస్త దాటినా చాలావరకు దానంతట అదే సర్దుకుంటుంది. తర్వాతి స్కాన్‌లో మళ్లీ కొలుస్తారు, అంతే.

అమ్మానాన్నల కిడ్నీలు కూడా

బిడ్డ కిడ్నీలు తేడాగా ఉన్నప్పుడు చేయదగిన అతి సులువైన పరీక్ష తల్లిదండ్రులకి స్కాన్ చేయడం. సూది లేదు, బిడ్డకి ప్రమాదం లేదు. ఇంట్లో జబ్బు ఉందని తెలిసినవాళ్లలో 15 నుంచి 39 ఏళ్ల మధ్య రెండు కిడ్నీల్లో కలిపి మూడు తిత్తులున్నా డామినెంట్ రకం అనే అంటారు. వయసు పెరిగేకొద్దీ మామూలు మనుషుల్లో కూడా ఒకటీ అరా తిత్తులు వస్తాయి కాబట్టి, 40 దాటితే ఒక్కో కిడ్నీలో రెండేసి ఉండాలి, 60 దాటితే నాలుగేసి.

ఆ రోజు భార్య లేచాక భర్తని, "మీరూ ఒక నిమిషం పడుకోండి" అన్నాను. ఆయన నవ్వుతూ చొక్కా పైకి లాక్కున్నాడు. ఎడమవైపు నాలుగు నల్లటి గుండ్రాలు, కుడివైపు ఆరు. ఆయన తెర వంకే చూస్తున్నాడు. లెక్కపెట్టడం మొదలుపెట్టాడు, నేను చెప్పకముందే. భార్య చెయ్యి పట్టుకుంది. బిడ్డ కోసం వచ్చినవాడికి రెండు నిమిషాల్లో తన జబ్బు తనకి చూపించాను, అదీ అడక్కుండా, ముందు ఒక్క మాట చెప్పకుండా. ఇప్పుడు అలా చేయను. ముందు కూర్చోబెట్టి, "ఇందులో మీకు సంబంధించిన విషయం బయటపడొచ్చు, తెలుసుకోవాలనుందా, ఇంకోరోజు చూద్దామా?" అని అడుగుతాను. మిమ్మల్ని ఎవరైనా అలా అడక్కుండా పడుకోమంటే, "ఒక్క నిమిషం ఆగండి, మేం మాట్లాడుకోవాలి" అనే హక్కు మీకుంది.

తెలియడం వల్ల లాభమూ ఉంది. ఆయన బీపీ ఆ రోజే చూపించుకున్నాడు, ఎక్కువగానే ఉంది. మందు మొదలైంది. తండ్రికి ఆ వయసులో ఎవరూ చెప్పలేదు.

రిపోర్టు చేతికొచ్చాక

కిడ్నీ పేరా వెతికి ఈ మాటలు చూడండి: రెండు కిడ్నీల పొడవు అంకెల్లో ఉందా, ఎకోజెనిసిటీ అంటే తెలుపు గురించి రాశారా, సీఎండీ అంటే అంచుకీ లోపలికీ తేడా ఉందన్నారా, మూత్రాశయం కనిపించిందా, ఉమ్మనీరు ఎంత. "సబ్‌ఆప్టిమల్" అంటే సరిగ్గా కనబడలేదని, బాగాలేదని కాదు. బిడ్డ వీపు అడ్డంగా ఉన్నా, నీరు తక్కువైనా బొమ్మ మసకబారుతుంది. అప్పుడు మళ్లీ రమ్మంటారు, అవసరమైతే ఎమ్మారై చేస్తారు. ఇంట్లో జబ్బు ఉందని చెప్పినా కిడ్నీల గురించి ఒకే లైను ఉంటే, అంకెలు రాసివ్వమని అడగండి. కొలిచినవాళ్లకి అది రెండు నిమిషాల పని.

తేడా ఉందంటే ఫీటల్ మెడిసిన్ డాక్టర్ (కడుపులోని బిడ్డని చూసేవారు), పిల్లల కిడ్నీ డాక్టర్, జెనెటిక్ కౌన్సెలర్ (వంశపారంపర్య జబ్బుల లెక్క వివరించేవారు), ఈ ముగ్గురి దగ్గరికీ వెళ్లాలి. జన్యువు తేల్చాలంటే 11 నుంచి 14 వారాల మధ్య మాయ నుంచి చిన్న ముక్క, లేదా 15 వారాలు దాటాక ఉమ్మనీరు తీస్తారు. రెండింట్లోనూ గర్భస్రావం ప్రమాదం కొద్దిగా ఉంటుంది. డౌన్ సిండ్రోమ్ కోసం తల్లి రక్తంతో చేసే మామూలు ఎన్ఐపీటీ ఈ జబ్బుల్ని చూడదు, అది నార్మల్ అని వచ్చిందని ఊరుకోకండి. అన్నిటికంటే ముందు చేయాల్సింది, ఇంట్లో జబ్బు ఉన్న మనిషి రక్తంలో ఆ తప్పు ఎక్కడుందో కనిపెట్టడం. ఏ అక్షరం తప్పో తెలిస్తే బిడ్డలో అదే వెతకొచ్చు, తెలియకపోతే మొత్తం పుస్తకం తిరగేయాలి. ఇదంతా వారాలు పడుతుంది. అందుకే గర్భం రాకముందే మొదలుపెట్టినవాళ్లకి దారులు ఎక్కువ. ఐవీఎఫ్‌లో పిండాన్ని ముందే పరీక్షించి ఎంచుకోవడం కూడా అప్పుడే కుదురుతుంది. పరీక్ష చేయించుకోకుండా ఉండటం కూడా ఒక దారే. ముఖ్యంగా డామినెంట్ రకంలో, ఎప్పుడో నలభై ఏళ్లకి వచ్చేదాన్ని ఇప్పుడే తెలుసుకోవడం అక్కర్లేదనుకున్నవాళ్లు చాలామంది, వాళ్లని నేను తప్పుపట్టను.

డాక్టర్‌ని అడగాల్సినవి: నీరు ఇప్పుడు ఎంత ఉంది, గతసారి ఎంత ఉంది? ఊపిరితిత్తులు ఎదగడానికి సరిపోతుందా? మళ్లీ ఎన్ని వారాలకి చూస్తారు? కాన్పు ఎక్కడ, నవజాత శిశువుల ఐసీయూ ఉన్నచోటే కావాలా? పుట్టగానే బిడ్డని చూసే డాక్టర్‌తో ఇప్పుడే మాట్లాడొచ్చా?

బిడ్డ పుట్టాక మొదటి రోజు మూత్రం పోసిందా లేదా నర్సులు రాసుకుంటారు, మీరూ రాసుకోండి, టైముతో సహా. మొదటి రెండు రోజుల్లో తీసిన క్రియాటినిన్‌ని చూసి సంబరపడొద్దు, భయపడొద్దు, అందులో ఎక్కువ భాగం అమ్మదే. పెల్వియెక్టసిస్ కోసం స్కాన్ 48 గంటలు దాటాకే చేయించండి. పుట్టిన కొత్తలో బిడ్డ ఒంట్లో నీరు తక్కువ, మూత్రం తక్కువ, ఉబ్బు ఉన్నా కనబడదు. నీరు బాగా తగ్గిన కేసుల్లో, రెండు కిడ్నీల్లోనూ తేడా ఉన్నప్పుడు మాత్రం ఆగరు, వెంటనే చూస్తారు. చిన్న పిల్లల చేతికి సరిపడే పట్టీతో బీపీ కొలిచారా అని అడగండి, చాలామంది మర్చిపోయేది ఇదే.

స్కాన్‌కి ముందు మీరు గీసిన ఆ కాగితం పారేయకండి, బిడ్డ ఫైల్లో మొదటి పేజీగా పెట్టండి. తండ్రిని డయాలసిస్ నుంచి తీసుకెళ్లాలన్న ఆ భర్త ఇప్పటికీ తన కాగితం జేబులో పెట్టుకుని వస్తాడు. బాబాయి పేరు పక్కన ఈ మధ్య ఇంకో పేరు చేరింది, బాబాయి కూతురిది. తనకి మూడో నెల, వచ్చే వారం నా దగ్గరే స్కాన్.